అద్దం బిగించిన బల్ల

నంద్యాల ఓబులేసు మంచి మనిషే. ఆయనకుండే రోగం ఒకటే, నలుగురేమనుకుంటారో అని. కొత్త చొక్కా తొడిగితే, ఈ వయసులో ఈ రంగేందీ అంటారేమో అని పైన టవాలు కప్పుకొని పోయే రకం. టీ అంగట్లో ఎవరన్నా నవ్వితే తనను చూసే అనుకుంటాడు. సంజామల కాడ పొలమున్నోడు, నలుగురికి పెట్టినోడు, ఆయన్ను చూసి ఎవరు నవ్వుతారప్పా! చెప్తే ఇనడు.

అట్లాంటి మనిషికి దేవుడు పూర్ణిమను కూతురుగా ఇచ్చినాడు. ఆ పిల్లకు బెంగుళూరు కంపెనీలో ఉద్యోగం, పని మాత్రం ఇంట్లోనుంచే. సాయంత్రం పని ముగించినాక పెద్ద కంప్యూటర్ ముందర చెవులకు హెడ్‌ఫోన్లు తగిలించుకొని ఆటకు కూచుంటుంది. ఐదుగురి జట్టు, అందరూ యాడాడనో ఉంటారు, కెప్టెన్ ఈయమ్మ. "ఎడమకు పో, ఆగు, ఇప్పుడు కాల్చు" అని గట్టిగా చెప్తాంటే, మొదట్లో ఒకసారి వాళ్లమ్మ శివమ్మ ఇంట్లో దొంగలు పడినారని రోకలి పట్టుకొని వచ్చింది.

పూర్ణిమకు ఆళ్లగడ్డ అబ్బాయి అజయ్ కుమార్‌తో పెండ్లయింది. ఇంగ కాపురానికి పంపాల. సారె కింద మంచం, బీరువా, డ్రెస్సింగ్ టేబుల్ పంపేది వాళ్లలో ఆనవాయితీ. డ్రెస్సింగ్ టేబుల్ ఏ రంగుది కావాలని ఓబులేసు ముచ్చటగా అడిగినాడు. అది వద్దు, ఆట ఆడుకునేకి మంచి బల్ల కావాలనింది కూతురు.

ఓబులేసు తాగుతాండే టీ గ్లాసు కింద పెట్టినాడు. సారె సామాను చూసేకి వీధి వీధంతా వస్తుంది గదా, ఆడోళ్ల ముందర ఇదేం బల్లని చెప్పేది? ఉద్యోగానికని చెప్పమన్నాడు భార్యతో. కూతురు ఒప్పుకోలేదు, ఉద్యోగానికయితే ల్యాప్‌టాప్, ఒడి చాలునంట. పూర్ణిమ ఆయన పక్కన వచ్చి కూచుంది.

"నాయనా, ఆడికి పోతే నేను అందరికీ కోడల్నే. ఆ బల్ల కాడ కూచున్నంతసేపే నేను నేనుగా ఉంటా. అది గూడ లేకుంటే ఎట్ల?"

మరుసటి రోజు తండ్రీ కూతుర్లు గాంధీచౌక్ పక్క సందులో ఫర్నిచర్ అంగడికి పోయినారు.

అంగడాయన మొదట కంప్యూటర్ టేబుల్ చూపించినాడు, కీబోర్డు పెట్టుకునే పలక కిందనుంచి జారుతా వచ్చేది. పూర్ణిమ కూచోని మోకాళ్లు కదిలించింది, పలకకు ఠక్కుమని తగిలినాయి. వద్దనింది. గాజు పలక బల్ల తళతళలాడతాంది, ఓబులేసుకు బాగా నచ్చింది. కూతురు చేతిసంచీలోనుంచి మౌస్ తీసి దాని మీద జరిపి, గాజు మీద ఇది సరిగ్గా పనిచేయదు నాయనా అనింది. ఆడపిల్ల సంచీలో దువ్వెన ఉంటుంది, పౌడరు ఉంటుంది, దీనికి మౌస్ ఉందే అని ఓబులేసు అంగడాయన ముఖం చూడలేక ఫ్యాను పక్క చూసినాడు.

ఓబులేసు గూడ ఊరికే లేడులే. ప్రతి బల్లనూ కలింగర పండును తట్టినట్ల తట్టి, చెవి ఆనించి, టేకు కాదిది అని తేల్చినాడు. టేకని మేమెప్పుడు చెప్పినామప్పా అన్నాడు అంగడాయన. కడాకు ఒక మూల, ఇనుప కాళ్ల బల్ల ఒకటి దొరికింది. ఐదడుగుల వెడల్పు, రెండు స్క్రీన్లు పట్టేంత లోతు, మణికట్టు ఒరుసుకోకుండా గుండ్రం చేసిన అంచు, వైర్లు కిందికి దించేకి రెండు బొక్కలు. పూర్ణిమ రెండు చేతులా పట్టుకొని ఊపింది. కదల్లేదు. ఓబులేసు ఊపినాడు. కదల్లేదు. ఆ పిల్ల కుర్చీ లాక్కొని, లేని స్క్రీన్ల పక్క చూస్తా కూచుంది. కూతురి ముఖంలో ఆ వెలుగు పెండ్లిపీటల మీద గూడ చూడలేదు ఓబులేసు. అదే కావాలని చెప్పేసినాడు.

అంతటితో ఊరుకునుంటే ఇంగేం! ఇంటికి పోయినాక మల్లా పాత రోగం తిరగబెట్టింది. సాయంత్రం ఒక్కడే అంగడికి పోయి, బల్ల వెనకంచుకు నిలువుటద్దం ఒకటి బిగించమన్నాడు. అంగడాయన నెత్తి గీరుకున్నాడు. నాలుగు స్క్రూలే గదా, ఆళ్లగడ్డలో జనం చూసి పోయినాక అల్లుడు పీకేస్తాడులే అని ఓబులేసు ఉపాయం. భార్యతో చెప్పలేదు, కూతురితో అసలే చెప్పలేదు.

ఓబులేసు, శివమ్మ, పూర్ణిమ సారెతో ఆళ్లగడ్డలో ట్రాలీ ఆటో దిగేతలికి వీధిలో ఆడోళ్లు మూగినారు. మంచం మెచ్చుకున్నారు, బీరువా తెరిచి మూసినారు. బల్లకు చుట్టిన అట్టలు విప్పితే అద్దం బయటపడింది. ఎంత పెద్ద డ్రెస్సింగ్ టేబులో అని అందరూ నోళ్లు వెళ్లబెట్టినారు. పూర్ణిమ అద్దాన్ని చూసింది, అద్దంలోనుంచే వెనకాల నాయన్ను చూసింది. కోపం చేసుకున్నా బాగుండు, కండ్లు దించుకునింది.

అత్త విజయమ్మ బల్ల చుట్టూ తిరిగింది. ఈ బొక్కలెందుకన్నా అని అడిగింది. తల ఆరబెట్టుకునే మిషన్ వైరుకన్నాడు. రెండెందుకనింది. జుట్టు ఎక్కువ గదా అన్నాడు. పౌడరు డబ్బా పెట్టుకునేకి ఒక్క సొరుగన్నా లేదేందీ అనింది. ఓబులేసు అల్లుని పక్క చూసినాడు. ఆట సంగతి అజయ్‌కు ముందే తెలుసు, అమ్మకు ఎట్ల చెప్పాలో తెలీక ఆయప్ప గూడ గోడకున్న క్యాలెండర్ చదువుతాండాడు. ఇద్దరు మగోళ్లూ సరిపోయినారు.

పూర్ణిమ మాత్రం తల ఎత్తలేదు. తన నాయన నలుగురిలో అబద్ధాలకోరు కాకూడదని ఆ పిల్ల నోరు మూసుకొని నిలబడిందని ఓబులేసుకు అప్పుడు తెలిసొచ్చింది. ఇంగ పట్టలేకపోయినాడు.

"చెల్లెమ్మా, అది డ్రెస్సింగ్ టేబుల్ కాదు. నా కూతురు కంప్యూటర్‌లో ఆట ఆడతాది. జట్టుకు కెప్టెన్. ఆ బల్ల పాపే ఏరికోరి తీసుకునింది. మీరంతా ఏమనుకుంటారో అని అద్దం నేనే బిగించినా. సిగ్గుపడాల్సింది నేను, పాప కాదు."

ఆడోళ్లలో ఎవరో కిసుక్కుమన్నారు. విజయమ్మ తిరిగి ఒక్క చూపు చూసింది, ఆ నవ్వు ఆడనే ఆగిపోయింది. వచ్చినోళ్లకు కాఫీలు చూడమని శివమ్మతో చెప్పి, కొడుకును కేకేసి, స్క్రూడ్రైవర్ తెచ్చి అద్దం ఊడదీయమనింది. కుర్చీ తనే తెచ్చి బల్ల ముందరేసింది.

"కూచో అమ్మీ. నీకు సరిపోతాదో లేదో చూచుకో."

పూర్ణిమ కూచుంది. విజయమ్మ పక్కన నిలబడి, ఆ గుండ్రటి అంచును చేత్తో తడిమింది.

"నేను కాపురానికి వచ్చినప్పుడు మా నాయన గూడ బండెడు సామాను పంపినాడన్నా. ఊరంతా మెచ్చుకునింది. నీకేం కావాల్నే అని మాత్రం నన్ను అడగల్యా."

"ఏం కావాల్సిండె చెల్లెమ్మా నీకు?" అన్నాడు ఓబులేసు.

విజయమ్మ కొంగుతో బల్ల మీద దుమ్ము తుడిచింది.

"గుర్తుకు రాలేదన్నా. ఎవరన్నా అడిగుంటే గదా, గుర్తుండేకి."

ఓబులేసు అల్లుని చేతిలో స్క్రూడ్రైవర్ తీసుకొని, అద్దం తనే ఊడదీసినాడు.