బెప్పె ఏడ్చిన భాష

ఫ్రిస్కోలో తెలుగువాళ్ల సభ ఏది జరిగినా, భోజనాలకు ముందు ఉమాకాంత్‌ని స్టేజీ ఎక్కించడం ఆనవాయితీ. ఎనిమిదో తరగతితో బడి మానేసి, నర్సు ఉద్యోగం వచ్చిన భార్య అన్నపూర్ణ వెనకాల పలాస నుంచి టెక్సాస్ వచ్చిపడ్డ మనిషి. ఇక్కడ స్కూలు బస్సు నడుపుతాడు. బస్సు నడిపేవాణ్ణి సాఫ్ట్‌వేర్ వాళ్లు మామూలు రోజుల్లో పలకరించరు. స్టేజీ ఎక్కితే మాత్రం "ఉమా అన్నా, మీ శ్రీకాకుళం భాషలో ఒకటి వదులు!" అని ఈలలు వేస్తారు. అతను "ఓలమ్మో" అని సాగదీస్తే చాలు, కుర్చీలు ఊగిపోయేవి. ఏం చెప్పాడన్నది ఎవరికీ అక్కర్లేదు.

"మన అమ్మలు మాట్లాడిన మాటే కదే అన్నపూర్ణా, ఈళ్లకి ఏటి నవ్వో" అని ఇంటికొచ్చి విసుక్కునేవాడు. అయినా మళ్లీ పిలిస్తే వెళ్లేవాడు. వెళ్లకపోతే అసలు పిలిచే నాథుడే ఉండడు మరి.

ఆ ఈలల పుణ్యమా అనే అతనికి సినిమా అవకాశం వచ్చింది.

పాతకాలపు వీడియో గేమ్ ఒకటి. అందులో బెప్పె అనే ఇటాలియన్ అమెరికన్ తాపీమేస్త్రి ఊరి చుట్టూ గోడ కడుతూ ఉంటాడు, రాక్షసులు కూలుస్తూ ఉంటారు. దాన్ని ఇప్పుడు పెద్ద సినిమాగా తీశారు. ఇంగ్లీషులో అప్పటికే హాళ్లలో ఆడుతోంది. తెలుగు డబ్బింగ్ పని ఫ్రిస్కోలోనే చిన్న స్టూడియో నడుపుతున్న ఫణికి దక్కింది. బెప్పె కూలిపని చేసుకునేవాడు, నలుగురినీ నవ్వించేవాడు. అలాంటివాడికి మన డబ్బింగుల్లో యాస తగిలించాల్సిందే. ఫణికి వెంటనే ఉమాకాంత్ గుర్తొచ్చాడు.

డైలాగులు మామూలు తెలుగులో రాసింది గీతాంజలి, వాటిని యాసలోకి తిప్పడం ఉమాకాంత్ పని. మైకు ముందు ఉమాకాంత్, అద్దం అవతల వాళ్లిద్దరూ. చెవిలో అసలు నటుడి గొంతు సన్నగా వినిపిస్తున్నా, ఉమాకాంత్ చూపంతా తెర మీది పెదాల కదలిక మీదే. పెదాలకు మాట అతికితే చాలనుకున్నాడు. స్టేజీ మీద చేసినట్టే సాగదీశాడు, ముక్కుతో మూలిగాడు. ఫణి పడీ పడీ నవ్వాడు.

"కిర్రాక్ అన్నా! హాల్ లేచిపోద్ది!"

గీతాంజలి మాత్రం కాగితంలోంచి తల ఎత్తలేదు.

ఉమాకాంత్‌తో పాటు బస్సు నడిపే డొమినిక్ ఈ సంగతి తెలిసి పొంగిపోయాడు. అతనిది న్యూజెర్సీ. తాత ఇటలీ నుంచి వచ్చి చర్చి గోడలు కట్టిన రాతిపనివాడు. పొద్దుటి ట్రిప్పుకీ మధ్యాహ్నం ట్రిప్పుకీ మధ్య యార్డులో కాఫీ తాగుతూ డొమినిక్ ఎప్పుడూ చెప్పేదొకటే: "సినిమాల్లో మావాడు హంతకుడైనా కావాలి, పిజ్జా పిండి ఎగరేసేవాడైనా కావాలి. మూడోవాడు లేడు." గేమ్‌లో బెప్పె వచ్చీరాని ఇంగ్లీషులో కీచుమని అరిచేవాడట. చిన్నప్పుడు బడిలో పిల్లలు డొమినిక్‌ని చూసి అలాగే అరిచేవాళ్లట.

ఆదివారం అతనే బలవంతాన ఉమాకాంత్‌ని ఇంగ్లీషు సినిమాకి లాక్కెళ్లాడు. హాలు కిక్కిరిసి ఉంది. బెప్పె నోరు తెరిచాడు. కీచుగొంతు లేదు. ఒళ్లు అలిసిన పనివాడు ఇంటికొచ్చి ఎలా మాట్లాడతాడో అలా, కాస్త బరువుగా, మామూలుగా మాట్లాడాడు. వేళాకోళం ఉన్నచోట జనం నవ్వారు, లేనిచోట విన్నారు. ఆఖర్న, వాళ్ల నాన్న కట్టిన గోడ కూలిపోతే, రాళ్ల మీద చెయ్యేసి బెప్పె చచ్చిపోయిన తండ్రితో మాట్లాడతాడు. డొమినిక్ కళ్లద్దాలు తీసి చొక్కాకి తుడుచుకున్నాడు.

పార్కింగులోకి వచ్చాక ఉమాకాంత్ భుజం తట్టాడు.

"మా తాత అచ్చం అలాగే మాట్లాడేవాడు ఉమా. ఆ యాసకి ఎవ్వడూ నవ్వలేదు, చూశావా?"

"చూశాను."

"మీ భాషలో బెప్పెవి నువ్వే కదా. ఏదీ, వినిపించు."

స్టూడియోలో ఫణి సరదాకి ఫోన్‌లోకి పంపిన ముక్క ఉంది. ఉమాకాంత్ గర్వంగానే తీశాడు. డొమినిక్‌కి తెలుగు ఒక్క ముక్క రాదు. అయినా నాలుగు మాటలు వినేసరికి మొహం మారింది.

"ఇతను తాగి ఉన్నాడా?"

"లేదు లేదు. కామెడీ."

"ఇక్కడ కామెడీ ఎక్కడుంది? పని నుంచి వచ్చాడు, పెళ్లాం సూప్ పోస్తోంది." ఫోన్ తిరిగి ఇచ్చేశాడు. కారు తాళాలు వెతుక్కుంటూ, "గేమ్‌లో వాణ్ణి మళ్లీ పట్టుకొచ్చావు," అన్నాడు. కోపంగా కూడా అనలేదు. అదే ఉమాకాంత్‌కి చెంపదెబ్బలా తగిలింది. తనవాళ్ల నోటిని జనం వెక్కిరించారని డొమినిక్ ఇన్నేళ్లూ కుమిలాడు. తను మాత్రం తన నోటిని తనే వెక్కిరించి, దానికి ఈలలు వేయించుకుంటున్నాడు.

మర్నాడు స్టూడియోకి వెళ్లేసరికి గోడ సీను తెర మీద సిద్ధంగా ఉంది.

"అన్నా, దీనికి యాస వద్దు. ప్లెయిన్ తెలుగు కొట్టేయ్," అన్నాడు ఫణి.

"అదేటి? మొన్నటిదాకా యాస యాస అని పేనం తీసినావు."

"అవి కామెడీ సీన్లు. ఇది సెంటిమెంట్. ఎమోషన్ క్యారీ అవ్వాలంటే క్లీన్‌గా ఉండాలి. మనవాళ్లంతా అంతే కదన్నా, నవ్వించేటప్పుడు యాస, ఏడ్చేటప్పుడు మామూలు తెలుగు."

ఉమాకాంత్ హెడ్‌ఫోన్లు తీసి మెడలో వేసుకున్నాడు.

"అంటే మా ఊల్లో మనిసి సచ్చిపోతే ఏటి సేస్తామనుకుంటన్నావు ఫణీ? ముందు విజయవాడ బస్సెక్కి, అక్కడ దిగి బాస మార్సుకొని, అప్పుడు ఏడుస్తామేటి?"

అద్దం అవతల గీతాంజలి కిసుక్కున నవ్వి నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది.

"అన్నా, పర్సనల్‌గా తీసుకోకు."

"మరెలగ తీసుకోమంటావు, పార్సిల్ కట్టించీసా? ఇను. సినిమా అంతా ఒకే మనిసి, ఒకే నోరు. ఏడ్సినా మా బాసే. ముందు సేసినవి కూడా మల్లీ సేస్తాను, ఆ సాగదీతలు నేకుండా. డొంకతిరుగుడు నేదు."

"క్లయింట్ అప్రూవ్ చేసేశాడన్నా! డెడ్‌లైన్ ఉంది. ఇంత సీరియస్ సీన్‌లో శ్రీకాకుళం వినబడితే జనం పగలబడి నవ్వుతారు. సినిమా చచ్చిపోతుంది. నువ్వు చెయ్యనంటే రాకేష్‌ని పిలుచుకుంటా."

"పిలుసుకో."

అనేశాడే గానీ, జన్మలో ఒక్కసారి దక్కిన పెద్దతెర అది. రాకేష్ గొంతు నున్నగా, వార్తలు చదివేవాడిలా ఉంటుంది. బెప్పె నవ్వినప్పుడు పలాసవాడై, ఏడ్చినప్పుడు బెజవాడవాడై పోతాడు. ఎవ్వరికీ తేడా కూడా తెలియదు. ఆ తెలియకపోవడమే ఉమాకాంత్‌ని కోసేసింది.

"ఒక్క టేక్ విందాం ఫణీ. విన్నాకే కాదందువు," అంది గీతాంజలి.

ఫణి బుగ్గలు పూరించి గాలి వదిలి, బటన్ నొక్కాడు. బెప్పె రాళ్ల మీద చెయ్యేశాడు. కాగితం మీద ఉన్నది, "నాన్నా, నువ్వు కట్టిన గోడను నేను నిలబెట్టలేకపోయాను. నన్ను క్షమించు" అని. ఉమాకాంత్ కాగితం పక్కన పెట్టేశాడు.

"అయ్యా... నువ్ కట్టిన గోడ నాను నిలబెట్నేకపోయాను..."

అక్కడ ఆగిపోయాడు. "ఈ క్షమించు నా నోట రాదు. మా ఊల్లో ఏ కొడుకూ అయ్యని క్షమించమని అడగడు. మరేటనాలో..."

"'నామీద కోపమెట్టుకోకయ్యా' అనండి," అంది గీతాంజలి. "అలగనండి. పెదాలకి సరిపోద్ది."

ఫణి కుర్చీతో సహా తిరిగాడు. "నీకెలా వచ్చు అది?"

"మాదీ శ్రీకాకుళం వైపే. రాజాం."

"విజయవాడ అన్నావు కదా!"

"చదువుకున్నది విజయవాడ. హాస్టల్లో మొదటి వారమే మాట మార్చేసుకున్నాను. నవ్వేవాళ్లు మరి." కాగితం సర్దుకుని, "అన్నయ్యా, రెడీయేనా?" అని మైకులో అడిగింది. ఇన్నాళ్లూ ఆమె అతన్ని ఉమాకాంత్ గారనే పిలిచేది.

ఈసారి ఆగలేదు. టేక్ అయ్యాక ఫణి దాన్ని మళ్లీ మొదట్నుంచి వేసుకుని విన్నాడు. చివరికి, "సరే. వీకెండ్ కూడా రావాలి నువ్వు. మొదటి సీన్ నుంచి మళ్లీ," అన్నాడు. "నవ్వారనుకో, నీదే పూచీ."

"నాదే."

మూడు వారాల తర్వాత తెలుగు సినిమా విడుదలైంది; శనివారం మధ్యాహ్నం ఆట. తెలుగువాళ్లు కుటుంబాలతో సహా దిగిపోయారు. ఉమాకాంత్ ఒకవైపు అన్నపూర్ణ, ఇంకోవైపు డొమినిక్. తెర మీద బెప్పె ఇంటి తలుపు తోసుకుని, "ఏటే, కూడైపోనాదా?" అన్నాడు. అంతే, హాలు గొల్లుమంది. ముందు వరుసలో ఒకడు "ఉమా అన్నా!" అని ఈల కూడా వేశాడు.

డొమినిక్ చెవి దగ్గరికి వంగాడు. "జోక్ ఏమైనా ఉందా?"

"నేదు," అన్నాడు ఉమాకాంత్. తెలుగులో అన్నానని కూడా తెలియలేదు. చెవులు కాలిపోతున్నాయి. అన్నపూర్ణ అతని మోచెయ్యి పట్టుకుంది.

రెండోసారి నోరు తెరిస్తే మళ్లీ నవ్వారు, కానీ తక్కువ. వాళ్లు ఎదురుచూస్తున్న సాగదీత రాలేదు. పని గురించి, పిల్లల గురించి, మోకాళ్ల నొప్పి గురించి బెప్పె తన మానాన తను మాట్లాడుకుపోతున్నాడు. నవ్వాలని నోళ్లు తెరిచినవాళ్లు కాసేపటికి మూసుకుని వినడం మొదలుపెట్టారు. నిజంగా జోకు వచ్చినచోట నవ్వారు. ఆ నవ్వు వేరే. అది బెప్పెతో కలిసి నవ్విన నవ్వు.

గోడ కూలింది. బెప్పె రాళ్ల మీద చెయ్యేశాడు.

"అయ్యా... నువ్ కట్టిన గోడ నాను నిలబెట్నేకపోయాను. నామీద కోపమెట్టుకోకయ్యా."

పాప్‌కార్న్ చప్పుడు కూడా లేదు. ఎక్కడో వెనక ఒక పెద్దావిడ ముక్కు చీదింది. ఇందాక ఈల వేసిన వరుసలోంచి చిన్నపిల్ల గొంతు, "డాడీ, వై ఆర్ యూ క్రైయింగ్?" అని అడిగింది. "ష్! కామ్‌గా చూడు నాన్నా," అన్న మగగొంతు బొంగురుపోయి ఉంది.

ఉమాకాంత్ వెన్ను నిటారుగా చేసి కూర్చున్నాడు. గోడంత తెర, దాని మీద అమ్మ మాట. అది ఎవరికోసమూ వంగలేదు, వంకర్లు పోలేదు.

"ఏడుస్తున్నారా వాళ్లు?" అని డొమినిక్ గుసగుసగా అడిగాడు.

"ఏడవనీరా డొమినిక్కూ," అన్నాడు ఉమాకాంత్ తెలుగులోనే, కళ్లు తెర మీంచి తిప్పకుండా. "ఇన్నాల్లు నవ్వినారు కదా."