అతుకులేని గీత

పదింటికే రోడ్డు కాలుతోంది. మేస్త్రి రంగుబండి పిడులు రెండూ పట్టుకుని, నడుం కాస్త వంచి, ముందు చక్రం మీంచి చూపు తిప్పకుండా నడుస్తున్నాడు. వెనక తెల్లగీత బెత్తెడు వెడల్పున, ఆవిర్లు కక్కుతూ పడుతోంది. ముందు నడుస్తున్న బావమరిది నూలుతాడు లాగి కడుతూ, ఎదురొచ్చే బళ్ళను చెయ్యూపి పక్కకు పంపిస్తున్నాడు.

మేస్త్రి బక్కపలచని మనిషి. మోకాళ్ళ దాకా రంగు చుక్కలు, ఎండకు కమిలిన మెడ. ఇరవై ఆరేళ్ళుగా రోడ్ల మీద గీతలు గీస్తున్నాడు. ఆయన గీతలో అతుకుండదు. మధ్యలో బండి ఆపితే కరిగిన రంగు అక్కడే కారి, మళ్ళీ మొదలుపెట్టిన చోట చిన్న గుబ్బ మిగిలిపోతుంది. రోజూ వేలమంది దానిమీంచి పోతారు, ఒక్కడూ చూడడు. అయినా ఆయనకు నిద్రపట్టదు. బస్సెక్కితే చాలు, కిటికీలోంచి తొంగిచూస్తూ ఎవరో గీసిన గీతలు చదివేవాడు. "ఇక్కడ వీడు తుమ్మాడు," అనేవాడు. ఇంకాస్త దూరం పోయాక, "ఇదిగో, ఇక్కడ ఫోనొచ్చింది." పక్కన కూర్చున్న భార్య నవ్వాపుకోలేక చచ్చేది.

ఈ పట్టింపుతోనే, గీత మొదలయ్యాక చివర చేరేదాకా నీటిచుక్క ముట్టడు. కిందటి వారం కళ్ళు తిరిగితే డాక్టరమ్మ గట్టిగానే చెప్పింది, దాహం వేసినా వేయకపోయినా ఇరవై నిమిషాలకోసారి తాగమని, మధ్యాహ్నం నీడపట్టున ఉండమని. ఆయన బుద్ధిగా తలూపి, ఇంటికొచ్చాక, "ఆవిడెప్పుడైనా బండి తోసిందా?" అన్నాడు. భార్యకు ఒళ్ళు మండింది. ఇవాళ పొద్దున రెండు నీళ్ళ సీసాలు తమ్ముడి చేతిలో పెట్టి, "ఇవి ఖాళీ కాకపోతే ఇద్దరికీ అన్నం లేదు," అని తలుపేసుకుంది.

ఇవాళ్టి గీత వంతెన నుంచి కూడలి దాకా, రెండు కిలోమీటర్లు. తొట్టిలో రంగు తగ్గితే వెనక ట్రాలీలోంచి కూలీలు బండి ఆగకుండానే నింపుతారు. మనిషిని నింపే ఏర్పాటే లేదు.

"బావా, నోరు తెరువు, నేను పోస్తాను."

"తలెత్తితే చక్రం పక్కకు పోతుంది. అదుగో, కూడలి కనబడుతోందిగా!"

పదకొండున్నరకు ఆయన చొక్కా ఆరిపోయింది. అప్పటిదాకా వీపుకంటుకున్న గుడ్డ ఇప్పుడు గాలికి ఎగురుతోంది. చెమట ఆగింది, ఒళ్ళు ఎండకు అలవాటు పడిందని ఆయన సంబరపడ్డాడు. చెమట ఆగడమే వడదెబ్బ గుర్తని, అన్నేళ్ళు ఎండలో బతికిన మనిషికి ఆ ఒక్కటీ తెలియకపోయిందే అని తలుచుకుంటే ఏడుపొస్తుంది.

"ఏంట్రా, చలేస్తోంది?" అన్నాడు.

బావమరిది వేళాకోళమనుకుని నవ్వాడు. నవ్వుతూనే వెనక్కి తిరిగాడు. తెల్లగీత నూలుతాడును వదిలేసి వస్తోంది. మేస్త్రి మాత్రం తిన్నగానే పోతున్నాననుకుంటున్నాడు. పరుగెత్తుకెళ్ళి పట్టుకుంటే ఒళ్ళు పెనంలా కాలుతోంది. కూలీలు అంబులెన్సుకు ఫోన్ చేసి, ఆయన్ను నీడలోకి మోసుకెళ్ళి, చొక్కా విప్పి, ఉన్న నీళ్ళన్నీ ఒంటిమీద పోసి అట్టలతో విసిరారు.

"బండి ఆపకండ్రా," అన్నాడు మేస్త్రి. ఆ తర్వాత మాట లేదు.

భార్య ఆసుపత్రికి చేరేసరికి కళ్ళు మూసుకునే ఉన్నాడు. పొద్దు వాలకముందే పోయాడు.

వారం తర్వాత ఆమె ఆ రోడ్డు చూస్తానంది. తమ్ముడు వద్దన్నాడు.

"ఎక్కడ ఆపాడో చూడొద్దూ!" అంది.

ఇద్దరూ వంతెన నుంచి నడిచారు. ఆమె వంగి వంగి చూసింది. ఎక్కడా అతుకు లేదు. బస్సు షెల్టరు దగ్గర మాత్రం గీత మెల్లగా పక్కకు తిరిగి, దాని నీడకు రెండడుగుల ఇవతల ఆగిపోయి ఉంది.