ఏటిపక్క నుంచి లెక్క

మీటల మీద అంటించిన కాగితపు గుర్తుల్లో ఒకటి మూల లేచింది. దస్రు టిఫిన్ డబ్బా మూత తీసి, ఒక మెతుకు చిదిమి, దాన్ని మళ్ళీ అంటించి బొటనవేలితో అదిమి పట్టుకున్నాడు. జిగురు సీసా బీరువాలో ఉంది. మెతుకు చేతిలో ఉండగా బీరువా తాళం కోసం స్టోరు చుట్టూ ప్రదక్షిణం చేసే మనిషి కాడతను. చెప్పులు గుమ్మం బయట, తలపాగా కుర్చీ వీపు మీద, కళ్ళజోడు ముక్కు చివర. ఇప్పలచెలక పవర్‌హౌస్ కంప్యూటర్ గదిలో నాలుగేళ్ళుగా పొద్దు ఇలాగే మొదలవుతోంది.

పాల్వంచలో ఉన్నంత పెద్ద పవర్‌హౌస్ కాదిది. ఒకటే బాయిలరు. ఒక పక్క గోదావరి, ఇంకో పక్క అడవి. బాయిలరు కట్టేనాడు తట్ట మోసిన తండావాళ్ళలో దస్రు ఒకడు. తర్వాత ఖలాసీ అయ్యాడు. ఏటా బాయిలరు ఆపినప్పుడల్లా కొలిమిలో దూరి, గోడకు వరసగా నిలబెట్టిన ఇనుప ట్యూబుల మందం కొలిచి రాసేవాడు. పొట్టి మనిషి, మణికట్లు మాత్రం రోకలి బండలు. ఎడమ చెవి తమ్మె కాలి ముడుచుకుపోయింది. వేళ్ళు ఎంత లావంటే ఒకటి నొక్కితే రెండు మీటలు పడతాయి. అందుకని పెన్సిలు మొద్దు కొసతో నొక్కుతాడు. అంకెలు మాత్రం ముత్యాల్లా రాస్తాడు. ఆ అంకెలు చూసి ముచ్చటపడి ఇంజనీరు నిర్మలాదేవి అతన్ని కొలిమిలోంచి ఈ చల్లటి గదిలోకి తెచ్చుకుంది.

ఆమె తెచ్చిన కంప్యూటర్ భాషలో మాటలుండవు, అన్నీ గుర్తులే. బాణాలు, సున్నాలు, తోకలున్న సున్నాలు. పైగా కుడి నుంచి ఎడమకు చదువుకోవాలి. ఇంగ్లీషు దంచిన కుర్రాళ్ళు నలుగురు దాని ముందు కూర్చుని తలలు పట్టుకున్నారు. దస్రుకేం? ఇంగ్లీషూ అంతే వింత, ఇదీ అంతే వింత. నైజాం రోజుల్లో అతను చదివిన రెండు తరగతులూ ఉర్దూలోనాయె, కుడి నుంచి చదవడం అతనికి అలవాటే. కొలిమిలో ఒక్కో గోడా ఆ యంత్రంలో ఒక పెద్ద అంకెల పట్టిక. అడ్డంగా నూట ఇరవై ట్యూబులు, నిలువుగా ముప్పై ఎత్తులు. అందులోంచి కావలసిన ముక్కను తీయాలంటే కిందిబాణంతో ఇన్ని వదిలెయ్యమనాలి, పైబాణంతో ఇన్ని తీసుకొమ్మనాలి, అంతే. ఆ ముక్కను నిర్మలాదేవి బ్లాక్ అనేది. దస్రు మడి అనేవాడు. పొలంలో ఏ మడి ఎండిందో చూసినట్టే గోడలో ఏ మడి పలచబడిందో చూసేవాడు, చూసి తృప్తిగా గడ్డం గీరుకునేవాడు.

ఆ రోజు జూన్ ముప్పై. దస్రు ఉద్యోగంలో ఆఖరు రోజు. పంతులుగారి పుణ్యమా అని తండాలో పుట్టినవాళ్ళందరూ జూలై ఒకటినే పుట్టారు. సాయంత్రం నాలుగింటికి దండలూ స్టీలు బిందే సిద్ధం. భార్య సోమ్లి పొద్దున డబ్బా కడుతూ, జల్దీ రమ్మని ఒకటికి రెండుసార్లు చెప్పింది. మిరప నారు పోసే అదను దాటిపోతోందని ఆమె బెంగ. పదకొండింటికి వెల్డర్లు ముందుగోడలో పలచబడ్డ ఆరు ట్యూబుల్ని కోసి కొత్తవి అతుకుతారు, నలభై ఒకటి నుంచి నలభై ఆరు దాకా. మర్నాడు బాయిలరు వెలిగిస్తారు. దస్రు చెయ్యాల్సిన పని ఏమీ లేదు.

పని లేదన్నారని ఊరుకుంటే అతను దస్రు ఎందుకవుతాడు? ఏటా చేసే పని ఒకటుంది, ఎవరూ చెప్పనిది. నిరుటి పట్టికలోంచి ఒక మడి, ఈ ఏటి పట్టికలోంచి అదే మడి తీసి, ఒకదాంట్లోంచి ఒకటి తీసేస్తాడు. ఏడాదిలో గోడ ఎంత అరిగిందో మడి మడికీ తేలుతుంది. ముందుగోడలో ఎనభై ఎనిమిది నుంచి తొంభై మూడు దాకా ట్యూబులున్న మడి తీశాడు. తెర మీద పచ్చటి అంకెలు పడ్డాయి. ఆ ఆరు ట్యూబులూ ఏడాదిలో రెండేసి మిల్లీమీటర్లు మందం పెరిగాయి.

దస్రు కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు. ఇనుముకు అరగడం తెలుసు, కరగడం తెలుసు, తుప్పు పట్టడం తెలుసు. బలవడం తెలియదు. తన పెన్సిలే తప్పు నొక్కిందేమోనని కొలతల కాగితాలు తీసి ఒక్కో అంకే సరిచూశాడు. అన్నీ సరిగ్గానే ఉన్నాయి. అప్పుడు ఇరవై ఎనిమిది నుంచి ముప్పై మూడు దాకా తీశాడు. రెండేళ్ళ కిందట తను దగ్గరుండి మార్పించిన కొత్త ట్యూబులవి. అవి చూస్తే ముసలి ట్యూబుల కంటే అన్యాయంగా అరిగి ఉన్నాయి.

చెయ్యి గడ్డం మీదే ఆగిపోయింది. ఈ ఏడాది కొలిచింది హెడ్డాఫీసు నుంచి వచ్చిన కొత్త కొలతల పార్టీ. ఇప్పలచెలక ఖలాసీలు ఏ గోడైనా సరే ఏటిపక్క నుంచే లెక్కపెడతారు. ఒకటో ట్యూబంటే గోదావరి వైపు ట్యూబు. కాగితం మీద ఎవరూ రాయలేదు, రాయాలని ఎవరికీ తోచలేదు. కొత్తవాళ్ళు గోడకు ఎదురుగా నిలబడి ఎడమచేతి నుంచి లెక్కపెట్టి ఉంటారు. వెనకగోడ దగ్గర ఎడమచెయ్యి ఏటివైపే, పేచీ లేదు. ముందుగోడ దగ్గర ఎడమచెయ్యి అడవివైపు.

సున్నాను నిలువుగా చీల్చినట్టుండే గుర్తొకటి ఉంది. పట్టికను కుడిఎడమలు తిప్పేస్తుంది. మెతుకుతో అంటించిన మీట అదే. పెన్సిలు కొసతో నొక్కి, తిప్పిన పట్టికలోంచి నిరుటి పట్టికను మళ్ళీ తీసేశాడు. మడి మడికీ అరుగుదలే, అంతా చిటికెడు. కొయ్యాల్సినవి నలభై ఒకటి నుంచి కాదు, డెబ్బై ఐదు నుంచి ఎనభై దాకా. పదకొండింటికి కోసేవి మంచి ట్యూబులు. పలచబడ్డవి గోడలోనే ఉండిపోతాయి. రేపు వాటి ఎదురుగా ఎనిమిది మంది డ్యూటీలో ఉంటారు. పదేళ్ళ కిందట అలాగే ఒక ట్యూబు పగిలి ఆవిరి చిమ్మితే, తోటి ఖలాసీ బిచ్యా వీపు మీద చర్మం చొక్కాతో పాటే ఊడి వచ్చింది. మూడో రోజు దవాఖానాలో పోయాడు. అతన్ని లాగబోయిన దస్రుకు చెవి తమ్మె పోయింది. గడియారం చూస్తే పదీ ఇరవై. భయం వేసింది. తలపాగా మరిచిపోయి లేచాడు.

నిర్మలాదేవి తెర మీద అంకెలు చూడగానే నమ్మింది. పెద్ద ఇంజనీరు వెంకటరామారావు అంత తేలిగ్గా నమ్మే రకం కాదు. తాను పట్టిన కుందేటికి మూడే కాళ్ళనడు గానీ, నాలుగో కాలు కళ్ళతో చూపించమంటాడు.

"ఆఖరు రోజున ఈ తిరకాసేంటయ్యా దస్రూ? పార్టీ వాళ్ళు సంతకం పెట్టి ఇచ్చారు కదా."

"సార్, మా ఆడోళ్ళ అద్దాల రవిక సూసిండ్రా? మీదికెల్లి కుడిపక్క ఉన్న అద్దం, తిరగేసి సూస్తె ఎడమకొస్తది. గుడ్డ గదే, అద్దం గదే. మనం నిలబడే తీరే మారింది."

"అయితే రుజువేది?"

"లోపలికి పోదాం. కొత్త ట్యూబులకు అతుకులుంటయి. వాళ్ళ లెక్కల అవి ఎనభై ఎనిమిది కాడ, మన లెక్కల ఇరవై ఎనిమిది కాడ. ఏటిపక్కకెల్లి లెక్కవెడ్త."

యాభై ఎనిమిదేళ్ళ మనిషి, నాలుగేళ్ళుగా చల్లగదిలో కూర్చుంటున్న మనిషి, మోకాళ్ళ మీద కొలిమి రంధ్రంలోకి దూరాడు. లోపల మసి, తడి బూడిద వాసన. దస్రుకు పుట్టింటికి వచ్చినట్టుంది. కట్టిన పరంజా కర్రల మీద మెల్లగా పైకెక్కి, ముందుగోడకు ఏటివైపు మూల నుంచి ఒక్కో ట్యూబునూ సుత్తితో తడుతూ వచ్చాడు. కింద వెల్డరు కాశయ్య గ్యాసు ముట్టించబోయి ఆపి, మెడ రిక్కించి చూస్తున్నాడు. ఇరవై ఎనిమిది దగ్గర దస్రు చొక్కా చేత్తో మసి తుడిచాడు. టార్చి వెలుతురులో అతుకు ఉంగరంలా మెరిసింది. పక్కన ఇంకోటి, ఇంకోటి, ముప్పై మూడు దాకా.

వెంకటరామారావు రంధ్రంలోంచి తల మాత్రం పెట్టి చూశాడు. ఆరూ లెక్కపెట్టుకున్నాడు.

"కాశయ్యా, డెబ్బై ఐదు నుంచి. ఆయన చూపించిన చోటే కొయ్యి," అన్నాడు. ఏంటయ్యా అన్న నోరే ఆయన అంది. దస్రు విన్నాడు, విననట్టు సుద్దముక్కతో ఆరు ట్యూబుల మీదా నంబర్లు వేశాడు.

మూడో ట్యూబు తెగి వచ్చినప్పుడు కాశయ్య జానెడు ముక్క కోసి, నీళ్ళలో చల్లార్చి, అటూ ఇటూ తిప్పి చూశాడు. బొగ్గు గనుల్లో పదిహేనేళ్ళు పనిచేసి వచ్చినవాడు. ఊరికే ఎవరినీ మెచ్చుకోడు.

"గీ పలచటిదాని ముంగట రేపు మా తమ్ముని డ్యూటీ, దస్రన్నా," అని ఆ ముక్క అతని చేతిలో పెట్టాడు.

నాలుగింటికి దండలు వేశారు. మసి చొక్కా మీద బంతిపూలు నల్లబడ్డాయి. మాట్లాడమంటే దస్రు లేచి, కొత్తగా వచ్చేవాళ్ళకు ఏటిపక్క నుంచే లెక్కని గోడ మీద పెయింటుతో రాయించమన్నాడు. చెప్పి కూర్చున్నాడు. నిర్మలాదేవి కళ్ళు తుడుచుకుంది. "ఏంది మేడం, మిరపకాయలు పంపిస్త గద," అన్నాడు. ఐదు గంటల బస్సులో కిటికీ పక్కన, ఒళ్ళో బిందె పెట్టుకుని కూర్చున్నాడు. పాల్వంచ దాటకముందే నిద్రపట్టింది.

మర్నాడు పొద్దున బాయిలరు వెలిగింది. నిర్మలాదేవి తాళం తీసుకుని కంప్యూటర్ గదిలోకి వెళ్ళి, దస్రు కుర్చీ బల్ల కిందికి జరిపింది. తిప్పి అచ్చు వేసిన పట్టిక బల్ల మీద మడత పెట్టి ఉంది. అది ఫ్యాను గాలికి లేవకుండా జానెడు ట్యూబు ముక్క, ఒక అంచు దిట్టంగా, నిప్పు వైపు అంచు తమలపాకంత పలచగా, మీద మళ్ళీ సుద్దతో గుండ్రంగా రాసిన డెబ్బై ఏడు.