ఆరని ఎర్ర లైటు

మా ఆయన ఫ్రిజ్‌ల మెకానిక్. ఇంట్లో అడుగు పెడితే చాలు, మా నెత్తిమీద ఫ్యాను కట్టేస్తాడు. "ఇక్కడ స్విచ్చి వేస్తే అక్కడెక్కడో బొగ్గు కాలుతుంది" అని ఒకటే నస. అయినా కరెంటు బిల్లు తగ్గదు. నిందేమో నా కుట్టుమిషను మీద!

ఇవాళ నాకు ఒళ్ళు మండింది. మా ఫ్రిజ్‌తో సహా అన్నీ కట్టేసి, అమ్మాయితో మీటరు దగ్గరికి వెళ్ళాను. కరెంటు వాడుతుంటేనే వెలిగే ఎర్ర లైటు ఇంకా మిణుకుమంటూనే ఉంది!

"అమ్మా, దొంగ ఇంట్లోనే ఉన్నాడు!" అమ్మాయి ఎగిరి గంతేసింది.

చెవులు రిక్కించి గదిగదీ వెతికాం. సామాన్ల గదిలో గుర్రుమని చప్పుడు. పాత దుప్పటి లాగితే, ఇంకో ఫ్రిజ్! నాలుగు నెలల కిందట ఆయన బాగుచేసి, "ఒక్కరోజు నడిపి చూస్తా" అని పెట్టిందే. తలుపు తీస్తే లోపల దీపం ధగధగా వెలిగింది. చల్లగాలి తప్ప ఏమీ లేదు.

ప్లగ్గు పీకి పరుగెత్తాం. ఎర్ర లైటు చచ్చినట్టు ఆగింది!

సాయంత్రం ఆయన వచ్చీరాగానే ఫ్యాను కట్టేశాడు. చెయ్యి పట్టుకుని తీసుకెళ్ళి ఆ ఫ్రిజ్ చూపించాం.

"నాన్నా, ఎంత బొగ్గు కాలి ఉంటుంది?" అంది అమ్మాయి.

ఆయన వెనక్కొచ్చి, మా ఫ్యాను తనే వేశాడు.