బరువు చూసి ఎంచుకున్న డ్రైవ్

నా భార్య తాళంచెవి మర్చిపోలేదు. ఆమెను చంపింది ఆమె సొంత తమ్ముడు. ఇందులో వాదించడానికి ఏమీ లేదు.

ముగ్గురం ఒకే కలప మిల్లులో పనిచేశాం. నాది రంపాలకి పదును పెట్టే పని. బావమరిది పెద్ద రంపం నడిపేవాడు. నా భార్య ఆ రంపం కింద గుంటలోకి దిగి పొట్టు ఎత్తేది. అక్కడ ఒక కట్టుబాటు ఉంది. గుంటలోకి దిగేవాళ్లు ముందు రంపం స్విచ్చికి తాళం వేయాలి. తాళంచెవిని తాడుతో మెడలో వేసుకుని దిగాలి. ఆ తాళంచెవి లేకుండా రంపం తిరగదు. పద్దెనిమిదేళ్లు ఆమె అలాగే దిగింది.

ఆ రోజు ఆమె గుంటలో ఉండగానే రంపం తిరిగింది. భుజం దగ్గర్నుంచి నడుము దాకా చీల్చింది. నేను పరిగెత్తుకెళ్లేసరికి పొట్టు ఎర్రగా ముద్దకట్టి ఉంది. తాళంచెవి స్విచ్చిలో ఉంది.

"అక్క దాన్ని స్విచ్చిలోనే వదిలేసింది. గుంటలో ఎవరూ లేరనుకుని తిప్పాను" అని బావమరిది గుండెలు బాదుకున్నాడు. అందరూ నమ్మారు. నేనూ నమ్మాను. 'మృతురాలి అజాగ్రత్త' అని మిల్లువాళ్లు కాగితం రాసి, ముద్ర కొట్టి, మిగతావాళ్లకి బుద్ధి రావాలని గోడకి అంటించారు. రోజూ దాని ముందు నుంచే పనిలోకి వెళ్లాను.

నెల దాటాక కాపలావాడు పని మానేస్తూ ఒక డిస్క్ నా చేతిలో పెట్టాడు.

"ఆ రోజు కెమెరాలో పడింది. అక్కడున్నది ఈపాటికి చెరిగిపోయుంటుంది. ఇదొక్కటే మిగిలింది. చూసుకో" అన్నాడు.

దాన్ని చొక్కా జేబులో, రంపాలు పదును పెట్టే ఆకురాయి పక్కన పెట్టుకు తిరిగాను. గీతలు పడ్డాయి. ఆ తప్పు నాదే.

డిస్క్ చూడ్డానికి బావమరిదిని ల్యాప్‌టాప్ అడిగాను, ఆ రోజు కెమెరాలో పడిందని చెప్పాను. దాంట్లో డిస్క్ పెట్టే చోటు లేదు. బయట తగిలించే డ్రైవ్ కొనాలని వాడే చెప్పాడు. "నేనూ వస్తా బావా. నీకు అంటగట్టేస్తారు" అన్నాడు. సరే అన్నాను. అప్పటికి నాకు వాడి మీద అనుమానం లేదు.

షాపు ఇరుకు. షాపావిడ కళ్లద్దాలు నెత్తిన పెట్టుకుని బల్లంతా వెతుకుతోంది.

"ఏం కావాలి బాబాయ్?"

"దీన్ని చదివేది."

కళ్లద్దాలు దొరికాయి. డిస్క్‌ని వెలుతురుకి పట్టి చూసింది. "దీంతో గిన్నెలు తోమారా?"

మూడు డ్రైవ్‌లు బల్ల మీద పెట్టింది. ఒకటి అట్టముక్కంత పల్చనిది. ఒకదానికి ట్రే లేదు, సన్నటి చీలిక ఉంది. మూడోది ఇటుకంత ఉంది. దానికి వేరే కరెంటు తీగ.

బావమరిది పల్చనిది అందుకున్నాడు. "ఇదే బావా. జేబులో పడుతుంది. ఆ ఇటుక దేనికి, ఇల్లు కడతావా?"

చీలిక ఉన్నదాన్ని ఆవిడే పక్కకి నెట్టేసింది. "దీంట్లో ఇరుక్కుందంటే నేను తీయలేను."

వెంట తెచ్చిన ల్యాప్‌టాప్‌కి పల్చనిది తగిలించి చూశాం. డిస్క్ తిరిగింది, టిక్కుటిక్కుమంది, ఆగింది. మళ్లీ తిరిగింది, మళ్లీ ఆగింది. పై రేకు మీద వేలు పెట్టాను. పన్ను వంగిన రంపంలా వణుకుతోంది.

"డిస్క్ చచ్చింది బావా. పద, పోదాం" అంటూ వాడు డిస్క్ తీయబోయాడు. చెయ్యి పట్టుకున్నాను. అరచెయ్యి చెమటతో జారిపోతోంది. నీడపట్టున, ఫ్యాను కింద, చెమట.

"ఆ ఇటుక పెట్టమ్మా" అన్నాను.

"అది పాత సరుకు బాబాయ్. బరువు చూసి ఎవరూ కొనరు."

"బరువున్నది వణకదు."

తీగ గోడకి తగిలించింది. ట్రేలో డిస్క్ పెట్టింది. తిరిగింది. వేలు పెట్టి చూశాను, వణుకు లేదు. బొమ్మ వచ్చింది. మాట లేదు, బొమ్మ మాత్రమే.

నా భార్య స్విచ్చికి తాళం వేసింది. తాళంచెవి మెడలో వేసుకుంది. పార తీసుకుని దిగింది. కాసేపటికి బావమరిది వచ్చాడు. స్విచ్చి లాగి చూశాడు, కదల్లేదు. అటూ ఇటూ చూశాడు. గుంటలోకి చూడలేదు. ప్యాంటు జేబులోంచి ఇంకో తాళంచెవి తీసి తిప్పాడు. గుంటలోంచి పొట్టు ఎగిసింది. రంపం ఆపాడు. దిగాడు. పైకొచ్చేసరికి చేతిలో తెగిన తాడు ఉంది. తన తాళంచెవి తీసి జేబులో వేసుకుని, తాడుకున్నదాన్ని చొక్కాకి తుడిచి స్విచ్చిలో పెట్టాడు.

అప్పుడు నోరు తెరిచాడు. ఆ అరుపు నాకు తెలుసు. అది విని పరిగెత్తినవాణ్ణి నేనే.

షాపావిడ కూడా తెర మీదికి వంగి చూసింది. నేను వాడి వైపు తిరిగాను.

"పైకొచ్చేసిందనుకున్నా బావా. పైకొచ్చాక కూడా తాళంచెవి మెడలో వేసుకునే కబుర్లకి పోయేది కదా. లోడు ఆగిపోయిందని..."

"రెండో తాళంచెవి ఎక్కడిది?"

వాడి ముఖం మారింది. "నన్నడుగుతున్నావా? నీ ఆకురాయితో అరిగించి ఇచ్చింది నువ్వు కాదూ? అక్కతో అనకురా అన్నది నువ్వు కాదూ? వెళ్లు. ఊరంతా చెప్పుకో!"

నిజమే. ప్రతిసారీ అక్క కోసం కాచుకోలేనన్నాడు. అరగంటలో చేసిచ్చాను.

డ్రైవ్‌ని రెండు చేతులతో ఎత్తాను. తీగలు తెగి వచ్చాయి. మూతి మీద కొట్టాను. పళ్లు బల్ల మీద రాలాయి. "బావా" అన్నాడు. దవడ మీద కొట్టాను. ఎముక విరిగిన చప్పుడు విన్నాను. మళ్లీ "బావా" అనబోయాడు, నోరు తిరగలేదు. కిందపడ్డాడు. మోకాలు వాడి ఛాతీ మీద పెట్టి కన్ను మీద కొట్టాను. అదే చోట మళ్లీ కొట్టాను. షాపావిడ నా మెడ పట్టుకుని వేలాడుతోంది. "చచ్చిపోతాడు బాబాయ్, వదులు!" ఆవిడ్ని విదిలించి ఇంకోసారి కొట్టాను.

ట్రే ఊడి వచ్చింది. డిస్క్ మూడు ముక్కలై వాడి రక్తంలో పడింది.

వాడు చావలేదు. ఒక కన్ను పోయింది, దవడ అతకలేదు. ఎందుకు కొట్టావని పోలీసులు అడిగారు. నేను చెప్పలేదు. ఇంటి గొడవ అని వాడు కాగితం మీద రాసిచ్చాడు. ఏడాది జైల్లో ఉండి వచ్చాను.

షాపావిడ ఒకసారి ఇంటికొచ్చింది. "నేను చూసింది నేను చెప్తాను. మీరు కూడా చెప్తే ఆ కాగితం గోడ మీంచి తీసేస్తారు" అంది. చెప్తే రెండో తాళంచెవి ఎవరు చేశారని అడుగుతారు. గుమ్మం దగ్గరే పంపించేశాను.

కాగితం ఇంకా ఆ గోడ మీదే ఉంది. ఆమె అజాగ్రత్త అనే ఉంది.

తాళంచెవి తిప్పింది వాడు. చేసింది నేను. ఒకసారి రాశాను. ఇంకెవరు అడిగినా, ఎన్నిసార్లు అడిగినా, దీని గురించి నోరు విప్పను.