బావ ఎడమ

బావకి రేవంతా పెట్టిన పేరు లౌడ్‌స్పీకర్. ఆ గొంతు కోసమే ఓడల్ని తాడుతో లాగే టగ్‌బోటు మీద పనిచ్చారు. పడవ వెనకాల నిలబడి, ఇంజను రొదని మించి కేకలేయాలి. అలాంటి మనిషి ఇప్పుడు ఇంట్లో కూడా గుసగుసలాడుతున్నాడు. అత్తగారి గుమ్మం తొక్కడానికి మొహం చెల్లదు. చెల్లినా ఆవిడ తొక్కనివ్వదు.

అల్లుడి నోరే తన చిన్నకొడుకుని పొట్టన పెట్టుకుందని ఆవిడ మాట. ఆ కోపంలో కూతురికీ తలుపు మూసేసింది. కూతురికి నెలలు నిండుతున్నాయి.

ఆ పడవకి చుక్కాని పట్టింది పెద్దకొడుకే. ఇన్నాళ్లూ నోరు మెదపలేదు. ఆ ఉదయం అక్క వాకిట్లో నిలబడి ఏడ్చి వెళ్లాక మాత్రం ఉండబట్టలేక, తల్లికి ఎదురుగా కుర్చీ లాక్కుని కూర్చున్నాడు.

తమ్ముడు తాడు తట్టుకుని నీళ్లలో పడ్డాడు. బావ "ఎడమ, ఎడమ" అని అరిచాడు. మనిషి ఏ పక్క పడితే ఆ పక్కకే చుక్కాని తిప్పాలి. అప్పుడే వెనకున్న ప్రొపెల్లర్ మనిషికి దూరంగా జరుగుతుంది. ఇతను ఎడమకి తిప్పాడు. తమ్ముడు కుడిపక్కన ఉన్నాడు.

"నీ ఎడమ చెయ్యి ఎత్తమ్మా."

ఎత్తింది. తనూ ఎత్తాడు. ఎదురెదురుగా ఉన్న ఇద్దరి చేతులూ చెరో గోడ వైపు ఉన్నాయి.

"బావ వెనక్కి తిరిగి ఉన్నాడు. ఆయన ఎడమ ఆయనకి నిజమే."

అందుకే పడవ మీద ఎడమ అనరు, పోర్ట్ అంటారని చెప్పాడు. పడవ ముందుకొస వైపు చూస్తే ఎడమ పక్క పోర్ట్. మనిషి ఎటు తిరిగినా అది మారదు. బావకీ ఆ మాట నేర్పారు. కానీ కళ్లముందు బామ్మర్ది మునిగిపోతుంటే నేర్చుకున్న మాట ఎక్కడొస్తుంది, ఇంట్లో మాటే వస్తుంది.

తల్లి ఎత్తిన చేతిని చూసుకుంటూ ఉండిపోయింది. మనసు కరుగుతోందని అతనికి ప్రాణం లేచొచ్చింది.

"అల్లుడు రోజూ అలా వెనక్కి తిరిగే నిలబడతాడా?"

"రోజూ. వెనక తాడుకి కట్టిన ఓడని కనిపెట్టడమే ఆయన పని."

"మరి ఆ సంగతి నీకు తెలుసుగా."

అతను రాత్రుళ్లు తనని తాను అడగకుండా తప్పించుకున్న ప్రశ్న అదే.

"తెలుసమ్మా."

ఆవిడ చెయ్యి దించింది. లేచి వెళ్లి తలుపు గడియ తీసింది.

"అక్కనీ బావనీ రమ్మని చెప్పు. వాళ్లొచ్చేసరికి నువ్విక్కడ ఉండకు."