సగానికి కాచిన నీళ్లు

గుట్ట మీది గని ఎప్పుడో మూతపడినా, అందులోంచి తవ్విపోసిన బూడిదరంగు మట్టికుప్ప అలాగే ఉండిపోయింది. వాన పడ్డప్పుడల్లా ఆ మట్టి కరిగి కింది కుంటలో కలుస్తుంది. రోజూ క్యాన్లు కొనలేని గుట్ట కింది ఇళ్లకు ఆ కుంట నీళ్లే దిక్కు.

కూతురు సుచిత్రకు కడుపునొప్పి మొదలైనప్పటి నుంచి భవాని ఆ నీళ్లను కషాయంలా కాచేది. బిందెడు నీళ్లు సగానికి దిగేదాకా పొయ్యి దగ్గర నుంచి లేచేది కాదు.

"నీళ్లు కాస్తున్నవా, పాయసం వండుతున్నవానే?" అని పక్కింటి కొండవ్వ ఎగతాళి చేసినా పట్టించుకునేది కాదు.

సిద్దిపేట దవాఖానలో డాక్టరమ్మ రిపోర్టు చూసింది. "పిల్ల రక్తంల సీసం ఉన్నది. ఏం నీళ్లు తాపుతున్నరు?"

"కుంట నీళ్లే మేడం, కానీ మంచిగ కాస్త. సగమయ్యేదాకా," అంది భవాని ధీమాగా.

డాక్టరమ్మ రిపోర్టు పక్కన పెట్టింది.

"కాస్తే పురుగులు చస్తయమ్మా, సీసం పోదు. నీళ్లు తగ్గినకొద్దీ అది ఇంకా చిక్కనైతది."

"మరి ఇప్పటికే లోపలికి పోయిన సీసం?"

"ఎముకలకు పట్టింది. మందులిస్త కానీ, మొత్తం పోదు. ఇగ ఆ నీళ్లు తాపకున్రి."

ఇల్లు చేరేసరికి పొద్దుగూకింది. మంచినీళ్ల క్యాన్ల ఆటో పొద్దున్నే వచ్చి వెళ్లిపోయింది. కొండవ్వ ఇంట్లోనూ కుంట నీళ్లే.

"అమ్మా, దూపైతుంది," అంది సుచిత్ర.

భవాని పొయ్యి ముట్టించలేదు. కుంట నీళ్ల బిందెలో గ్లాసు ముంచి ఇచ్చింది.

పిల్ల గటగటా తాగి, మూతి తుడుచుకుని నవ్వింది. "ఇయ్యాల ఎంత సల్లగున్నయే! రోజూ గిట్లనే ఇయ్యరాదే."